కయోటీ వేట: పొలాల్లో ఒక తీరు, అడవిలో ఇంకో తీరు

తూర్పు టెక్సస్ పైన్ అడవుల అంచున మేం మేకలు పెంచుతున్నాం. చలికాలంలో పిల్లలు పుట్టగానే కయోటీల (నక్కకూ తోడేలుకూ దగ్గరగా ఉండే ఇక్కడి అడవి జంతువుల) బెడద మొదలవుతుంది. అటు లబ్బక్ వైపు గోధుమ పైరు మీద దూడల్ని మేపే స్నేహితుడి పొలాల్లోనూ వేటకు వెళ్తుంటాను. రెండు చోట్లా జంతువు ఒకటే. కానీ పొలంలో దాని కంట పడకుండా కూర్చోవడం కష్టం, అడవిలో అది మన కంట పడటం కష్టం. మిగతా తేడాలన్నీ ఇక్కణ్ణుంచే వస్తాయి.

ముందు కాగితాల సంగతి. టెక్సస్‌లో కయోటీని ఏడాది పొడవునా వేటాడొచ్చు, కానీ మామూలుగా హంటింగ్ లైసెన్స్ ఉండాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ నిబంధన కూడా ఉంది. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు. "ఫ్రెండ్ తుపాకీయే కదా" అనుకుని చేతిలోకి తీసుకోవద్దు, ముందు లాయర్‌ని అడగండి. ఇక్కడి భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మన ఊళ్లో నక్కల్ని తరిమినట్టు ఇండియాలో కూడా ఇలా వేటాడొచ్చనుకునేవాళ్లు ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ అది నేరం.

ఎక్కడైనా మొదట చూడాల్సింది గాలి. నా జేబులో చిన్న పౌడర్ డబ్బా ఉంటుంది. చిటికెడు వదిలితే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది. కయోటీని రప్పించడానికి కాలర్ (జంతువుల అరుపులు వినిపించే చిన్న స్పీకర్ పెట్టె) పెడతాం. అందులోంచి కుందేలు అరుపు విన్న కయోటీ నేరుగా రాదు, చుట్టూ తిరిగి గాలివాలుకు చేరి పసిగట్టాలని చూస్తుంది. మీరు ఎక్కడ కూర్చోవాలన్నది దాని ఈ అలవాటును బట్టే ఉంటుంది.

పొలాల్లో సగం పని నడకలోనే అయిపోతుంది. ట్రక్కును కొట్టం వెనకో చెరువు గట్టు చాటునో ఆపి, తలుపు చప్పుడు కాకుండా నెట్టండి. చదును నేల మీద కిలోమీటరు దూరంలో మనిషి కదిలినా దానికి తెలిసిపోతుంది. అందుకే కాలవ గట్టు వెంట, కంచె వెంట వంగి వెళ్లి గుండ్రటి గడ్డి మోపు నీడలో కూర్చుంటాను. సూర్యుడు వెనక ఉండాలి, మన ఆకారం ఆకాశం మీద నల్లగా తేలకూడదు. కూర్చోగానే రేంజ్‌ఫైండర్‌తో కంచె మూల ఎన్ని గజాలు, పివట్ (పొలంలో గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే యంత్రం) చక్రం ఎన్ని గజాలు అని కొలిచి గుర్తుపెట్టుకుంటాను. నాది .223 రైఫిల్, 200 గజాలకు జీరో చేసి ఉంటుంది, అంటే ఆ దూరంలో తూటా సరిగ్గా గురి పెట్టిన చోటే తగులుతుంది. నేను వాడే 55 గ్రెయిన్ తూటా 300 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందికి దిగుతుంది. ఎదురుగా మట్టి గట్టు లేకపోతే నేను పేల్చను. చదును నేలలో తప్పిన తూటా ఎవరి ఇంటి దాకా పోతుందో చెప్పలేం. ఇక్కడ కాలర్ శబ్దం పెంచొచ్చు, అరగంట కూడా ఓపిక పట్టాలి. దూరాన చుక్కలా కనపడినది దగ్గరికొచ్చి ఆగకపోతే నోటితో ఒక్కసారి "వూఫ్" అంటే చాలు, నిలబడి చూస్తుంది.

అడవిలో ఇదంతా తలకిందులు. చెట్లు శబ్దాన్ని మింగేస్తాయి, కానీ కయోటీ వంద గజాల్లోనే పడుకుని ఉండొచ్చు. అందుకే మొదట సన్నగా మొదలుపెట్టి, తర్వాతే పెంచాలి. ఎండుటాకుల మీద నడక దానికి ముందే కబురు చేరవేస్తుంది కాబట్టి వాన వెలిసిన పొద్దునో, మంచు తడి ఉన్నప్పుడో వెళ్లడం మేలు. పాత కలప బండ్ల దారి, కరెంటు లైన్ కింద నరికిన బాట, వాగు దాటే చోటు... ఇలాంటి తెరిపి వెతుక్కుని, నా భుజాల కంటే వెడల్పైన మానుకు వీపు ఆనిస్తాను. కాలర్‌ను పక్కగా, గాలికి అడ్డంగా ముప్పై నలభై గజాల అవతల పెడతాను. కాలర్‌కు గాలివాలున ఉన్న తెరిపి నా ఎదురుగా ఉండాలి. వాసన కోసం కయోటీ ఆ తెరిపి దాటాల్సిందే, నా పసి తగలకముందే కనిపిస్తుంది.

ఇక్కడ నా చేతిలో ఉండేది 12 గేజ్ షాట్‌గన్, ఫుల్ చోక్ (గుళ్లు త్వరగా విరజిమ్మకుండా గొట్టం చివర ఉండే బిగుతు), నాలుగో నంబరు బక్‌షాట్ (పెద్ద సీసపు గుళ్లు). నలభై గజాలు దాటితే పేల్చను. వేటకు ముందే అట్ట మీద కాల్చి గుళ్లు ఎంత మేర విరజిమ్ముతాయో చూసుకోండి, లేకపోతే జంతువు గాయపడి పారిపోయి నరకం అనుభవిస్తుంది. పదిహేను నిమిషాలకే ఏ చప్పుడూ లేకుండా పొదలోంచి తల బయటికొస్తుంది, అప్పుడు తుపాకీ ఎత్తితే ఆలస్యం అయినట్టే. ముందుగానే మోకాలి మీద ఆనించి ఉంచండి. పక్కింటివాళ్ల కుక్క కాదని తేల్చుకున్నాకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. తోడు వచ్చినవాళ్లు ఎక్కడున్నారో క్షణమైనా మరచిపోకూడదు.

జనవరి, ఫిబ్రవరిలో జత కట్టే కాలం కాబట్టి ఒంటరి ఊళ ఒకటి వినిపించి ఆగితే బాగా స్పందిస్తాయి. వసంతంలో పిల్లల తల్లులుంటాయని నేను మానేస్తాను. మందను కాపాడేది ప్రధానంగా మా పిరనీస్ కుక్కలే. ఒక కయోటీని కొడితే ఆ జాగాలోకి ఇంకోటి వస్తుంది, అందుకే మేకల దొడ్డి చుట్టూ తిరిగేవాటినే వేటాడతాను.

పడిపోయిన దాన్ని వెంటనే ముట్టుకోవద్దు. కాసేపు ఆగి, వెనక వైపు నుంచి వెళ్లి, కన్ను కదలడం లేదని చూసుకుని, గ్లవ్స్ వేసుకున్నాకే పట్టుకోండి. గజ్జి, గోమార్లు మామూలే, రేబిస్ కూడా ఉండొచ్చు.