ఒంగోలు పాత కాగితాలు ఏ జిల్లా కింద వెతకాలి

ముందు కాగితం ఏ ఏడాదిదో తేల్చుకోండి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది. ప్రకాశం పేరు 1972లో పెట్టిందే. 1950 నాటి దస్తావేజులో ‘ప్రకాశం’ కోసం చూస్తే దొరకదు, గుంటూరు అని చూడాలి.

ఇదే లెక్క జిల్లా అంతటికీ వర్తించదు, చాలామంది తడబడేది ఇక్కడే. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 1985కు ముందు కాగితమైతే మండలం కాదు, తాలూకా పేరు అడగండి. చీరాల, అద్దంకి 2022లో బాపట్లకు పోయాయి.