పెరటి చేపల కొలను – 4వ పాఠం: ఫిల్టర్‌ను ఎంచుకోవడం

కిందటి పాఠంలో గుంత తవ్వి, షీటు పరిచి, గట్టు కట్టడం వరకూ వచ్చాం. నీళ్లు నింపకముందే ఫిల్టర్ సంగతి తేల్చుకోవాలి. దానికి కావలసిన చోటు, ఎత్తు, పైపుల దారి కొలను ఖాళీగా ఉన్నప్పుడే సులువుగా కుదురుతాయి.

ముందుగా కొలను పరిమాణం. పొడవు, వెడల్పు, లోతులను మీటర్లలో కొలిచి గుణించండి. వచ్చినదాన్ని వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు తెలుస్తాయి. మన పాఠంలోని కొలను పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు, లోతు 1 మీటరు. అంటే 3,000 లీటర్లు. దుకాణంలో అడిగితే ‘5,000 లీటర్ల కొలనుకు’ అని రాసి ఉన్న పెట్టె ఒకటి మీ ముందు పెడతారు. ఆ ఒక్క అంకె చూసి కొనకండి. ఎన్ని చేపలకు, రోజుకు ఎంత మేతకు, ఎంత వేడి నీటికి అన్నది సాధారణంగా ఆ పెట్టె మీద ఉండదు. ఫిల్టర్ మీద భారం పడేది మీరు వేసే మేత వల్ల.

చేప తిన్న మేతలోని మాంసకృత్తుల్లో ఒంటికి పట్టనిది అమ్మోనియాగా మారి, ఎక్కువగా మొప్పల గుండా నీటిలోకి వస్తుంది. వంద గ్రాముల మేతకు సుమారు 3 గ్రాముల అమ్మోనియా అని లెక్క వేసుకోవచ్చు. రోజుకు 50 గ్రాములు వేస్తే 1.5 గ్రాములు. 3,000 లీటర్లలో అది లీటరుకు అర మిల్లీగ్రాము. చూడడానికి చిన్న అంకే, కానీ ఏ రోజుది ఆ రోజు తొలగకపోతే రెండు రోజులకు ఒక మిల్లీగ్రాము అవుతుంది. పైగా నీటి పి.హెచ్. (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే, అదే అమ్మోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లు పెరుగుతుంది. నీళ్లు వేడెక్కినకొద్దీ ఇంకా పెరుగుతుంది. క్షార గుణమున్న బోరు నీళ్లతో నింపిన కొలనులో, మే నెల ఎండలో, ఈ రెండూ ఒకేసారి మీద పడతాయి. చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే చాలామంది ఎండ దెబ్బ అనుకుంటారు. అమ్మోనియా పరీక్ష కిట్టు కొని చూడండి, చాలాసార్లు అసలు కారణం అందులో బయటపడుతుంది.

ఈ అమ్మోనియాను తొలగించేది బ్యాక్టీరియా. ఒక రకం దాన్ని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా చేపలకు ప్రమాదమే. నైట్రేట్ అంత హాని చేయదు. నీళ్లు కొంత కొంత మార్చడంతోను, మొక్కలతోను తగ్గుతుంది. ఈ బ్యాక్టీరియా గట్టి ఉపరితలాలకు అంటుకుని బతుకుతాయి కాబట్టి వాటికి తక్కువ చోటులో ఎక్కువ ఉపరితలం ఇవ్వాలి. ఇలా బ్యాక్టీరియా అంటుకోవడానికి ఫిల్టర్‌లో వేసే సరుకును మీడియా అంటారు. ప్లాస్టిక్ మీడియా, గరుకు స్పాంజి, రంధ్రాలున్న లావా రాయి, ఏదైనా పనికొస్తుంది. వాటికి ఆక్సిజన్ కూడా బాగా కావాలి. పైన చెప్పిన 1.5 గ్రాముల అమ్మోనియాను మార్చడానికి దాదాపు 7 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. నీరు 30 డిగ్రీల దగ్గర ఉంటే మన కొలను మొత్తంలో కరిగి ఉండగలిగేది 22, 23 గ్రాములే. అందుకే ఫిల్టర్ ఏదైనా సరే, వెంట గాలి పంపు తప్పకుండా ఉండాలంటాను.

ఇక రకాల విషయానికి వద్దాం. మూత బిగించిన ప్రెషర్ ఫిల్టర్ చిన్నది, నేలలో సగం పాతిపెట్టి దాచుకోవచ్చు, బయటకు పంపే నీటిని కొంత ఎత్తుకూ ఎక్కించగలదు. తెరిచి ఉండే డ్రమ్ము ఫిల్టర్ చోటు ఎక్కువ తీసుకుంటుంది. దాన్ని కొలను నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టాలి. పంపు నీటిని అందులోకి ఎక్కిస్తే అక్కడి నుంచి నీరు తనంతట తానే కొలనులోకి దిగుతుంది. కరెంటు పోయే ఊళ్లో ఉన్నవారికి నేను రెండోదే చెబుతాను. ప్రెషర్ ఫిల్టర్‌లో నీటి కదలిక ఆగితే లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని కొన్ని గంటల్లో చావడం మొదలుపెడుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీరు నేరుగా చేపల మీదికి వస్తుంది. అలా గంటలకొద్దీ ఆగిపోయిన ఫిల్టర్‌లోని నీటిని ముందు బయట పారబోసి, ఆ తర్వాతే పంపును కొలనుకు కలపాలి. తెరిచిన డ్రమ్ములో ఇన్వర్టర్ మీద నడిచే చిన్న గాలి పంపుకు తగిలించిన, బుడగలు వదిలే రాయి ఒకటి వేస్తే బ్యాక్టీరియా బతికిపోతుంది.

ఏ రకమైనా లోపలి వరుస ఒకటే. ముందు మలం, ఆకులు, మేత ముక్కలను పట్టే స్పాంజి లేదా బ్రష్‌లు, ఆ తర్వాత బ్యాక్టీరియా గది. ఈ వరుస తప్పితే మీడియా బురదతో పూడుకుపోతుంది. కడగవలసి వచ్చినప్పుడు కొలను నీటిలోనే కడగండి. కుళాయి నీటిలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపుతుంది.

పచ్చటి నీరు తేటపడడానికి అల్ట్రావయొలెట్ దీపం పనిచేస్తుంది. అయితే అది అమ్మోనియాను తగ్గించదు, గోడలకు పట్టే పీచు నాచునూ ఆపదు. స్పాంజి తర్వాత పెట్టి, ఏడాదికొకసారి బల్బు మార్చండి. నీడనిచ్చే కలువలు వేస్తే కొందరికి దీని అవసరమే రాదు.

పంపు గంటకు, లేదా రెండు గంటలకు ఒకసారి కొలను నీరంతా తిప్పాలి. గోల్డ్‌ఫిష్ కొన్ని ఉంటే రెండు గంటలు చాలు. కోయి చేపలైతే గంటే. మన కొలనుకు గంటకు 1,500 నుంచి 3,000 లీటర్లు. పంపు మీద రాసిన అంకె సున్నా ఎత్తుకు సంబంధించినది. నీటిని ఒక మీటరు పైకి ఎక్కించేసరికి అది బాగా పడిపోతుంది కాబట్టి పెట్టె వెనక ఉండే ఎత్తు పట్టికలో మీ ఎత్తుకు ఎదురుగా ఉన్న అంకెను చదవండి. 40 వాట్ల పంపు రోజంతా నడిస్తే నెలకు 29 యూనిట్లు ఖర్చవుతాయి. బిల్లు తగ్గుతుందని రాత్రిపూట ఆపవద్దు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉంటుంది, పంపు ఆపడానికి అంతకంటే చెడ్డ సమయం లేదు. ఈ కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరిగా వేయించండి. నీటిలో చేయి పెట్టేది మీరే.

ఈ వారం అభ్యాసం: పంపు పైపును ఫిల్టర్ ఎత్తుకు ఎక్కించి, 20 లీటర్ల బకెట్‌లోకి వదిలి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 72,000ను ఆ సెకన్లతో భాగిస్తే గంటకు వచ్చే లీటర్లు తెలుస్తాయి. 36 సెకన్లు పడితే 2,000 లీటర్లు. దాన్ని, కొలను లీటర్లను, రోజుకు వేయబోయే మేత గ్రాములను ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో, చేపలను వదలకముందే ఫిల్టర్‌లో బ్యాక్టీరియాను ఎలా పెంచాలో చూస్తాం. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి చేపలను ఇప్పుడే కొనకండి.