ఆర్‌వీలో కొండలు దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచకండి

కొండ ఎక్కడం గురించి అందరూ కంగారు పడతారు గానీ ఆర్‌వీకి (లోపలే పడక, వంటిల్లు ఉండే ప్రయాణ బండికి) అసలు పరీక్ష దిగేటప్పుడే అండి. మూడు నాలుగు టన్నులు, పెద్దవైతే ఇంకా ఎక్కువ బరువుండే బండి, కిలోమీటర్ల కొద్దీ డౌన్ ఉన్నప్పుడు బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి ఉంచితే ప్యాడ్లు వేడెక్కిపోయి పట్టు తగ్గిపోతుంది, ఆ వేడికి బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వచ్చాయంటే పెడల్ మెత్తగా కిందకి పోతుంది కానీ బండి ఆగదు.

అందుకే డౌన్ మొదలవ్వకముందే లో గేర్ వేసేయండి, ఆటోమేటిక్ అయితే టో హాల్ మోడ్ (బరువుతో వెళ్ళేటప్పుడు గేర్ తక్కువలో ఉంచే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి, సగం దిగాక మార్చుకుందాంలే అనుకోవద్దు. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, అప్పుడు సౌండ్ పెరుగుతుంది, భయపడకండి, ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) మీటర్‌లో ఎర్ర గీత దాటకుండా చూసుకుంటే చాలు. అయినా స్పీడ్ పెరిగితే ఒకసారి గట్టిగా బ్రేక్ వేసి ఎనిమిది పది కిలోమీటర్లు తగ్గించి పూర్తిగా వదిలేయండి, పెరిగితే మళ్ళీ అలాగే.

కాలిన వాసన వస్తే ఖాళీ జాగా చూసి ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పోయకండి, డిస్క్‌లు పగలొచ్చు.

ఇంకోటి, లీటర్ నీళ్ళంటే కిలో బరువు కదా, 150 లీటర్ల ట్యాంక్ నింపితే 150 కిలోలు, పైన నీళ్ళు దొరికే చోటైతే సగమే నింపుకుని వెళ్ళండి. వెనక బండ్లు క్యూ కడితే పక్కకి తీసి దారివ్వండి, వ్యూ కూడా అప్పుడే ప్రశాంతంగా చూడొచ్చు.