బయానా ఇచ్చేముందు ట్యూనర్‌కి చూపించండి

సికింద్రాబాద్‌లో పిల్లలకి పియానో నేర్పుతాను. "మేడమ్, ఎవరో పాత పియానో అమ్ముతున్నారట, ఓసారి వాయించి చూస్తారా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వెళ్తాను, వాయిస్తాను, చెవికి బాగుందో లేదో చెబుతాను. లోపలి సంగతి మాత్రం పియానోని శ్రుతి చేసే ట్యూనరే చెప్పాలి.

ట్యూనర్ కోసం పియానో ఉన్న చర్చిలోనో, సంగీత పాఠశాలలోనో వాకబు చేయండి. అమ్మేవాళ్ళు "మా మనిషున్నాడు" అంటే వద్దనండి. కొన్నా కొనకపోయినా ఫీజు ఇస్తామని ముందే మాట్లాడుకోండి. బయల్దేరేముందు కంపెనీ పేరు, సీరియల్ నంబరు, పైమూత తెరిచి తీసిన ఫొటోలు ఆయనకి పంపండి. యమహా లాంటివాటికి నంబరుని బట్టి తయారైన ఏడు తెలిసిపోతుంది. పాత ఇంగ్లీషు అప్‌రైట్లలో (నిలువు పియానోల్లో) కొన్నిటికి ధ్వని ఆపే డ్యాంపర్లు, తీగల్ని కొట్టే హ్యామర్ల పైన, ముందు సన్న కడ్డీల వరసతో పంజరంలా ఉంటాయి. వాటి మరమ్మతుకి చాలామంది ఒప్పుకోరు. ఫొటోలోనే అది కనబడితే మీకు ప్రయాణం తప్పుతుంది.

చూడటానికి వస్తున్నామని పియానోని కొత్తగా ట్యూన్ చేయించొద్దని అమ్మేవాళ్ళకి చెప్పండి. ఎందుకంటే అసలు పరీక్ష అక్కడే. పియానోలో దాదాపు 230 తీగలుంటాయి, అన్నీ కలిపి లాగే బలం 15 టన్నుల పైమాటే. ఆ తీగల్ని బిగించే పిన్నులు దిగేది పిన్ బ్లాక్ అనే చెక్కలో. అది వదులైతే ఇవాళ ట్యూన్ చేసినా కొద్దిరోజుల్లోనే అపశ్రుతి. నిన్ననే శ్రుతి చేసిన పియానో ఆ జబ్బుని దాచేస్తుంది. ట్యూనర్ అక్కడక్కడా పిన్నుకి రెంచి వేసి తిప్పి, పట్టు ఎంతుందో చేత్తోనే చెప్పేస్తాడు.

ఇనుప ఫ్రేమ్ పగిలిందంటే బేరం మానేయండి. తీగల ధ్వనిని పెంచే చెక్కపలక, అదే సౌండ్‌బోర్డులో సన్న పగులుకి అంత కంగారక్కర్లేదు, గరగరమనకపోతే చాలు. కింది పలక ఊడదీయమనండి. మన ఊళ్ళో చెదలు, ఎలుకలు, ఫెల్ట్ అనే మెత్తటి ఉన్నిని కొరికిన పురుగులు బయటపడేది అక్కడే.

చివరికి మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి: శ్రుతి 440కి (A స్వరానికి 440 హెర్ట్జ్, మామూలు ప్రమాణం) తెస్తే తీగలు తట్టుకుంటాయా, ఏ పనికి ఎంతవుతుంది, ఏ పని ఏడాది ఆగినా ఫర్వాలేదు. చాలా ఏళ్ళు వదిలేసినదైతే ట్యూనింగ్ ఒక్కసారితో నిలవదు, రెండోదీ లెక్కలో వేయించండి. మోతకూలీ మరవొద్దు: చిన్నదైనా 200 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టకపోవచ్చు. ఆ కాగితం చేతిలో పెట్టుకునే బేరానికి కూర్చోండి.