స్పానిష్‌లో పలకరిస్తే అవతలివాళ్లు అదోలా చూస్తున్నారా? ఇవి సరిచూసుకోండి

యాప్‌లో నేర్చుకున్న స్పానిష్‌లో వ్యాకరణం బాగానే ఉంటుంది, మాట కలిపేసరికి మాత్రం ఎక్కడో తేడా కొడుతుంది. చాలావరకు గొడవంతా పలకరింపును ప్రశ్న అనుకోవడం వల్ల, లేదంటే మామూలు ప్రశ్నను పలకరింపుగా వాడేయడం వల్ల వస్తుంది.

సమస్య: ఎదురైనవాళ్లు "కే తాల్?" (ఎలా ఉన్నావ్?) అని అడిగి, మీరు నోరు తెరిచేలోపే వెళ్లిపోతున్నారు.

కారణం: వాళ్లు అడగలేదు, పలకరించారంతే. మన వీధిలో "ఏంటి, బజారుకా?" అన్నవాళ్లకు కూరగాయల లిస్టు చదివి వినిపించం కదా, ఇదీ అంతే.

పరిష్కారం: నడుస్తూనే "బియెన్, ఇ తూ?" (బాగున్నా, నువ్వు?) అనేయండి, లేదా తిరిగి "కే తాల్" అన్నా సరిపోతుంది. నడుం నొప్పి సంగతి చెప్పుకోవాలంటే మనిషి ఆగి, మీ ముఖం చూస్తూ "కోమో ఎస్తాస్?" (ఎలా ఉన్నావు?) అన్నప్పుడు చెప్పండి.

సమస్య: సరదాగా పలకరిస్తే అవతలి మనిషి గొడవకొచ్చినట్టు చూశాడు.

కారణం: స్పెయిన్‌లో స్నేహితుల మధ్య "కే పాసా?" (ఏంటి సంగతి?) మామూలు పలకరింపు. మధ్యలో "తే" పెట్టి "కే తే పాసా?" అన్నారంటే "నీకేమైంది?" అని అడిగినట్టు. గొంతు కాస్త పెరిగిందా, "ఏంటి నీ ప్రాబ్లం?" అన్నట్టే వినిపిస్తుంది.

పరిష్కారం: ఆ "తే"ని ఎవరైనా దిగాలుగా కూర్చున్నప్పుడు, మెల్లగా అడగడానికి దాచుకోండి. మెక్సికోలో అయితే కుర్రకారు "ఏంటి సంగతి?" అనడానికి "కే ఓందా" అంటారు, అది తోటివాళ్లతోనే, ఆఫీసర్‌తోనో స్నేహితుడి అమ్మమ్మతోనో కాదు.

సమస్య: మర్యాదగా "కోమో ఎస్తా ఉస్తెద్?" (మీరు ఎలా ఉన్నారు?) అంటే స్నేహితులు నవ్వుతున్నారు.

కారణం: మన "మీరు" అలవాటు. స్పెయిన్‌లో "తూ" (నువ్వు) చాలా తొందరగా వచ్చేస్తుంది, కాస్త పరిచయమైన సహోద్యోగిని "ఉస్తెద్" (మీరు) అంటే దూరం పెట్టినట్టుంటుంది. అలాగని అన్నిచోట్లా "తూ" అనేయడానికీ లేదు. కొలంబియాలో, ముఖ్యంగా బొగోతాలో, ప్రాణస్నేహితులు కూడా ఒకళ్లనొకళ్లు "ఉస్తెద్" అనుకోవడం మామూలే. అర్జెంటీనాకు వెళ్తే "తూ" బదులు "వోస్", అక్కడ "కోమో అందాస్?" (ఎలా ఉన్నావు?) అని పలకరిస్తారు.

పరిష్కారం: మొదటి రెండు నిమిషాలు వాళ్లు మిమ్మల్ని ఏమంటున్నారో విని, అదే తిరిగి అనండి. వయసులో పెద్దవాళ్లయితే వాళ్లు వద్దనేదాకా "ఉస్తెద్" ఉంచడమే నయం, మనకదేం కొత్త కాదుగా.

సమస్య: మధ్యాహ్నం ఒంటిగంటకు "బ్వేనాస్ తార్దెస్" (గుడ్ ఆఫ్టర్‌నూన్) అంటే "బ్వేనోస్ దీయాస్" (గుడ్ మార్నింగ్) అని బదులొచ్చింది.

మీ వాచీ కరెక్టే. స్పెయిన్‌లో చాలామందికి భోజనం అయ్యేదాకా ఉదయమే, ఆ భోజనమేమో రెండు, మూడింటికి. టెన్షన్ ఎందుకు, ఒట్టి "బ్వేనాస్" అనేయండి, ఏ పూటకైనా సరిపోతుంది. షాపులోకి, లిఫ్ట్‌లోకి అడుగుపెట్టేటప్పుడు ఇంతకన్నా చక్కటి మాట లేదు.

సమస్య: ఎదురొస్తున్న పక్కింటాయన "అదియోస్" అన్నాడు. ఇంకా మాట్లాడనేలేదు, అప్పుడే వీడ్కోలా?

ఆగే ఉద్దేశం లేదు కాబట్టి పలకరింపు, వీడ్కోలు, ఒకే మాటతో రెండు పనులూ కానిచ్చాడు. మీరూ "అదియోస్" అనో "అస్తా లుయేగో" అనో అని సాగిపోండి. ఆ రెండోదాని అర్థం "మళ్లీ కలుద్దాం" అయినా, మళ్లీ ఎప్పుడూ కనిపించని షాపువాళ్లతో కూడా అంటారు.

సమస్య: "యా కోమిస్తే?" అని అడిగితే, "లేదు, ఎక్కడికెళ్దాం?" అన్నారు.

ఇది అచ్చంగా మనవాళ్ల సమస్య. "తిన్నారా?" మనకు పలకరింపు, వాళ్లకు భోజనానికి పిలవబోయే ముందుమాట. జేబు సిద్ధంగా లేకపోతే అడక్కండి. అదే "ఇంకేంటి?" అనే అలవాటు మాత్రం కొలంబియాలో బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడివాళ్ల పలకరింపే "కే మాస్?". మాద్రిద్‌లో అదే అంటే "ఇంకా ఏం కావాలి?" అన్నట్టు చూస్తారు.

ఇక ఫోన్. మెక్సికోలో ఫోనెత్తి "బ్వేనో?" అంటే అది హలో. స్పెయిన్‌లో "దీగామె" లేదా "సీ?" అంటారు. మీరు "ఓలా" (hola, అంటే హలో) అని మొదలుపెడితే ఎక్కడా ఇబ్బంది లేదు, ముందున్న హ పలక్కుండా ఉంటే చాలు.