ఔట్‌బోర్డ్ పెట్రోలు పైపు: పైన పటారం, లోన లొటారం

మొన్న రేవులో ఒక పడవ తాడు విప్పీ విప్పకముందే వెనక తగిలించిన ఔట్‌బోర్డ్ ఇంజిను మూత కిందినుంచి మంట లేచింది. ఉన్న ఇద్దరూ నీళ్లలోకి దూకి బతికిపోయారు. ఆరాక చూస్తే, మొదట కారింది కార్బురేటర్ దగ్గరి జానెడు పైపు ముక్క. టాంకు నుంచి వచ్చే పొడుగు పైపు పడవ యజమాని పోయినేడాదే కొత్తది వేశాడట. మూత లోపలి ముక్కను మాత్రం "బాగానే కనిపిస్తోంది కదా" అని వదిలేశాడు.

ఇదంతా ఆ "బాగానే కనిపిస్తోంది" గురించే. లైఫ్ జాకెట్లు, మంటలార్పే సిలిండరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

లోపల జరిగేది

ఇథనాల్ కలిసిన పెట్రోలు పైపును లోపలి నుంచి తింటుంది. రబ్బరును మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్‌ను కొద్దికొద్దిగా లాగేస్తుంది. పెట్రోలు ఉన్నంతకాలం పైపు ఉబ్బి ఉంటుంది కాబట్టి పైపును పట్టి ఉంచే క్లాంపు బిగువుగానే అనిపిస్తుంది. సీజను అయ్యాక టాంకు ఖాళీ చేసి పడవను గట్టుకెక్కిస్తాం. అప్పుడు పైపు ఎండి, ముడుచుకుని, బిరుసెక్కుతుంది. మళ్లీ పెట్రోలు పోసిన రోజున క్లాంపు పక్కన సన్నటి చెమ్మ కనిపిస్తుంది. నేను చూసిన లీకుల్లో చాలావరకు సీజను మొదటి వారంలోవే.

రెండో రకం ఇంకా దొంగది. ఆ మధ్య ఒక టూ స్ట్రోక్ ఇంజిను నా దగ్గరికి వచ్చింది. స్లోలో గడియారంలా నడుస్తుంది. థ్రాటిల్ తిప్పితే నిమిషం లాగి ఆగిపోతుంది. పెట్రోలు పైపు మధ్యలో ఉండే, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే రబ్బరు బల్బు నాలుగుసార్లు నొక్కితే మళ్లీ అందుకుంటుంది. అప్పటికే ఫ్యూయల్ పంపు మార్చారు, కార్బురేటర్ రెండుసార్లు కడిగారు. పైపును ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే అది నిగనిగలాడుతోంది. బ్లేడుతో నిలువునా చీల్చాను. లోపలి పొర ఉల్లిపొరలా ఊడి, ఒకచోట నాలుకలా వేలాడుతోంది. ఇంజిను గట్టిగా లాగినప్పుడల్లా ఆ నాలుక దారికి అడ్డం పడుతోంది, ఆగగానే వెనక్కి వాలుతోంది. వేలు పెడితే పొయ్యి మసిలా నల్లగా అంటుకుంది. ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోసే ఇంజిను కదా, పెట్రోలు తగ్గితే పిస్టనుకు ఆయిలూ తగ్గినట్టే. పిస్టను గీతలు పడిపోయింది. పైపుతో పోయేది ఇంజినుకు చుట్టుకుంది.

అందుకే చెబుతున్నా, బయట చూసి తేల్చకండి. వేళ్లతో వంచి చూడండి, చిరుపగుళ్లు కనిపిస్తాయి. శుభ్రమైన గుడ్డతో పైపు పొడవునా తుడిచి వాసన చూడండి. గుడ్డకు పెట్రోలు వాసన వస్తే, లీకు కనపడకపోయినా పైపు పని అయిపోయినట్టే.

కొనేటప్పుడు

రంగు చూసి కాదు, పైపు ఒంటి మీది అచ్చు చదివి కొనండి. పడవ పైపు మీద అది ఏ ప్రమాణానికి తయారైందో తెలిపే ఎస్‌ఏఈ జె1527 అనో, ఐఎస్‌ఓ 7840 లేదా 8469 అనో ఉంటుంది. పక్కనే ఏ1, బీ1-15 లాంటి గుర్తు ఉంటుంది. "ఏ" అంటే రెండున్నర నిమిషాల మంట పరీక్షకు నిలిచింది. "బీ"కి ఆ పరీక్ష లేదు. అంకె, గోడ గుండా ఆవిరై పోయే పెట్రోలు లెక్క. ఒక చదరపు మీటరు పైపు నుంచి రోజుకు 100 గ్రాములు మించకపోతే 1, 300 వరకైతే 2. చివర 15 ఉంటే 15 గ్రాములే. ఇథనాల్ మామూలు రబ్బరు గోడల్లోంచి పెట్రోలు కంటే తేలిగ్గా దూరిపోతుంది, అందుకే ఈ 15 కోసం వెతకమనేది. పడవ పొట్టలో, మూసిన చోట నడిచే పైపుకు "ఏ" తీసుకోండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. స్టార్టరు నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

అచ్చు లేని పైపు ఊరికే ఇచ్చినా వద్దు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం అసలే వద్దు, నెలల్లో కర్రలా బిగుసుకుపోతుంది. కారు పైపు వద్దు.

లోపలి వ్యాసం పాతదానికంటే తగ్గకూడదు. ఇరుకైన పైపు కూడా ఆ నాలుక చేసే పనే చేస్తుంది.

బిగించేటప్పుడు, ఆ తర్వాత

– పైపు, బల్బు, మూత లోపలి ముక్కలు, అన్నీ ఒకేసారి మార్చండి. ఒకటి వదిలారా, పడవను మంటపెట్టేది అదే.

– బల్బు మీది బాణం ఇంజిను వైపు ఉండాలి.

– ఇంజిను నడుస్తుండగా బల్బు చప్పిడిగా నొక్కుకుపోతే టాంకు వైపు ఏదో మూసుకుంది. ముందు టాంకు మూత మీది గాలి స్క్రూ చూడండి. ఎంత నొక్కినా బల్బు గట్టిపడకపోతే గాలి లాగుతోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది.

– పాత పైపును గుంజి పీకకండి. నిలువునా కోసి ఒలవండి. కింది గొట్టానికి బ్లేడు గీత పడితే కొత్త పైపు వేసినా కారుతుంది.

– కొత్త పైపు ఎక్కడం లేదని లైటరుతో వేడి చేయకండి. లోపలి పొర చచ్చిపోతుంది. ఎక్కకపోతే సైజు తప్పు.

– పైపును నలిగేలా ఒకేచోట మడవకండి.

– సన్న పైపుకు స్క్రూ క్లాంపు బిగించి బిగించి రబ్బరును కోయకండి. నొక్కి బిగించే స్టీలు క్లాంపు వేయండి.

– నీళ్లు వేరుచేసే ఫిల్టరు లేకుండా బయల్దేరకండి. ఇథనాల్ నీళ్లు పీలుస్తుంది. మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగుతాయి. ఇంజిను లాగేది ఆ అడుగునుంచే.

– చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు 10 శాతం ఇథనాల్ వరకే ఒప్పుకుంటాయి. మీరు పోసేది 20 శాతమైతే ముందు మాన్యువల్ తీయండి. పైపు ఒక్కటే ఏం కాపాడుతుంది?

– చేత్తో మోసే విడి టాంకును పడవలో పెట్టి నింపకండి. నేల మీద పెట్టి నింపండి.

– పని అయ్యాక ఇంజిను మూత తీసే ఉంచి, బల్బు గట్టిపడేదాకా నొక్కి, ప్రతి అతుకూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. ఆ తర్వాతే తాళం తిప్పండి.

– తీసేసిన పైపును "ఎందుకైనా పనికొస్తుంది" అని దాచకండి. ముక్కలు చేసి పారేయండి, బాగానే కనిపిస్తోందని ఎవరో ఏరుకుపోకుండా.