ప్రేమించినవారికి మాట ఇచ్చే ముందు

అనంతపురం జిల్లా పల్లెల్లో ఒక మనిషిని ‘మాట మీద నిలబడేవాడు’ అన్నారంటే అంతకు మించిన మెప్పు లేదు. కాగితం రాయకుండా తీసుకున్న చేబదులును అన్న రోజుకు తెచ్చి ఇచ్చేవాడిని, పెద్దమనుషుల ముందు ఒప్పుకున్న పొలంగట్టును మరుసటి ఏడు చాటుగా జరపనివాడిని ఊరంతా గౌరవిస్తుంది. అదే ఊరి నుంచి పట్నానికి చదువుకు వచ్చిన యువకుడు తనను నమ్మిన అమ్మాయితో ‘నిన్నే పెళ్లి చేసుకుంటాను’ అన్నప్పుడు మాత్రం, సాక్షులెవరూ లేరు కాబట్టి అది లెక్కలోకి రాదన్నట్టు ప్రవర్తించడం అధ్యాపకుడిగా నేను ఏళ్ల తరబడి చూశాను. అమ్మాయిలలోనూ ఇలాంటివారు లేకపోలేదు. ఎవరూ వినని చోట ఇచ్చిన మాటకు మనిషి ఎంత విలువ ఇస్తాడో చూసి అతని ప్రేమలోని పరిణతిని కొలవాలని నా నమ్మకం. ఆ మాట ఎలా ఇవ్వాలో, ఎలా నిలుపుకోవాలో, తప్పనిసరైతే ఎలా వెనక్కి తీసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట చేయవలసింది తొందరపడకుండా ఉండటం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ జిల్లాలో చెనక్కాయ రైతు తొలి జల్లుకే విత్తనం వేయడు. మట్టిని పిడికిట పట్టి, పదును ఎంత లోతు దిగిందో చూసుకుని, అప్పుడు గొర్రు కడతాడు. ఇష్టం కలిగిన తొలి నెలల్లో మీరూ శాశ్వతమైన మాటలు ఇవ్వకండి. ఆ మనిషి చేతిలో డబ్బు లేనప్పుడు ఎలా ఉంటారో, బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వనప్పుడు ఎలా మాట్లాడతారో, తమ తప్పు బయటపడినప్పుడు ఏం చేస్తారో చూడండి. అంతకంటే ముఖ్యంగా, వారు మీకు ‘వద్దు’ అని చెప్పినప్పుడు మీలో ఏం జరిగిందో గమనించుకోండి. ‘ఈ రోజు రాలేను’ అన్న చిన్న మాటకే రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగినవారు ఇంకా మాట ఇచ్చే స్థితికి రాలేదని తమకు తాము ఒప్పుకోవాలి. ‘నువ్వంటే నాకు చాలా ఇష్టం, కాని పెళ్లి గురించి ఇప్పుడే మాట ఇవ్వలేను’ అని చెప్పడం ఆ క్షణంలో కష్టంగా అనిపించినా, అందులో మోసం లేదు.

మాట ఇచ్చే ముందు మీ ఇంటి సంగతులు చెప్పి తీరాలి. రాయలసీమలో ఇది మరీ అవసరం, ఎందుకంటే మేనరికం ఇక్కడ ఇంకా బతికే ఉంది. ఆడపిల్ల పుట్టిన నాడే ‘ఇది మా వాడికే’ అని జేజి అనడం, సరదాగా మొదలైన ఆ మాట ఇరవై ఏళ్లు గడిచేసరికి రెండు కుటుంబాల మధ్య రాయని ఒప్పందంగా మారడం చాలా ఇళ్లలో జరిగేదే. అబ్బాయికి ఆ సంగతి చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా కాలేజీలో ప్రేమించిన అమ్మాయికి మూడేళ్ల పాటు చెప్పడు. ఆమె అడగలేదు కాబట్టి తాను చెప్పలేదని, అబద్ధం మాత్రం ఆడలేదని తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. ఎదుటివారి నిర్ణయాన్ని మార్చగలిగిన నిజాన్ని దాచడం అబద్ధమాడటంతో సమానమే. పైగా దీనివల్ల నష్టపోయేది ఆ అమ్మాయి ఒక్కతే అనుకోవడానికి లేదు. ఊళ్లో అతనికి అనుకున్న మేనత్త కూతురు వచ్చిన సంబంధాలను కాదనుకుని ఎదురుచూస్తూ ఉండవచ్చు. ప్రేమ కథల్లో ఆమెను ఎవరూ తలుచుకోరు.

అందుకని ఆలస్యం చేయకుండా ఇలా చెప్పండి: ‘మా ఇంట్లో మేనత్త కూతురిని నాకు అనుకుంటున్నారు. నాకు ఇష్టం లేదు, కాని ఆ మాట నాయనకు ఇంకా చెప్పలేదు. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు చెబుతాను.’ ఇందులో నిజం ఉంది, మీ భయం ఉంది, ఒక గడువు కూడా ఉంది. సంక్రాంతి దాటినా నోరు తెరవలేకపోతే, ఆ సంగతిని ఎదుటివారు అడిగి తెలుసుకునే దాకా ఆగకుండా మీరే ఒప్పుకోండి. కుటుంబ అప్పులు, ఆరోగ్య సమస్యలు, ఇంతకుముందు ఉన్న సంబంధాలు కూడా ఇలా ముందే చెప్పవలసినవే.

కులమో మతమో వేరైనప్పుడు ‘పెద్దవాళ్లే మెత్తబడతారులే’ అని కాలం గడపడం మాట ఇవ్వడం కిందికి రాదు. చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ఎవరూ మతం మారకుండానే పెళ్లి చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇచ్చి, ఆపైన 30 రోజులు ఆగి, ముగ్గురు సాక్షులతో సంతకాలు చేయాలి. ఆ నోటీసును కార్యాలయంలో అందరికీ కనిపించేలా అతికిస్తారు కాబట్టి, మీరు చెప్పకముందే ఇంటికి కబురు చేరే అవకాశం ఉందని తెలుసుకోండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షను, నెరవేర్చే ఉద్దేశమే లేకుండా పెళ్లి మాట ఇచ్చి స్త్రీతో శారీరక సంబంధం పెట్టుకోవడాన్ని పదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరంగా చెబుతోంది. చట్టం మాట ఇచ్చిన రోజున ఉద్దేశం ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. మీ మనస్సాక్షి అంతకంటే కఠినంగా ఉండాలి.

ఇద్దరిలో ఒకరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లి, మరొకరు ఇక్కడే ఉండిపోయినప్పుడు బంధమంతా ఫోను మీదే నడుస్తుంది. అప్పుడు పెద్ద మాటల కంటే చిన్న మాటలే పరీక్షకు నిలుస్తాయి. ‘రాత్రి తొమ్మిదికి చేస్తాను’ అన్నవారు తొమ్మిదికి చేయాలి. చేయనప్పుడు రెండోవారు ‘నీకు నేనంటే లెక్కే లేదు’ అని తీర్పు చెప్పే బదులు, ‘చేస్తానని చెయ్యలేదు, పదకొండు దాకా చూశాను, భయమేసింది’ అని జరిగింది జరిగినట్టు చెప్పాలి. కోపం ఎక్కువగా ఉంటే ‘ఇప్పుడు మాట్లాడలేను, రేపు పొద్దున ఎనిమిదికి నేనే చేస్తాను’ అని చెప్పి పెట్టేయడంలో తప్పులేదు. ఏమీ చెప్పకుండా నాలుగు రోజులు మౌనంగా ఉండి ఎదుటివారిని ఏడిపించడం మాత్రం శిక్ష వేయడమే. పాస్‌వర్డులు అడగవద్దు, ఎక్కడున్నారో ఫొటో తీసి పంపమనవద్దు. మన ప్రాంతంలో దీన్ని చాలామంది ప్రేమ కింద జమకడతారు. నేను దాన్ని కాపలా అనే అంటాను.

‘ఇష్టం లేదు’ అన్న జవాబు వచ్చాక హాస్టలు ముందు నిలబడటం, స్నేహితులతో కబురు పంపడం, కొత్త నంబర్ల నుంచి మళ్లీ మళ్లీ సందేశాలు పెట్టడం ఆపేయాలి. ఇవి అదే న్యాయ సంహితలోని 78వ సెక్షను కింద వెంటపడి వేధించే నేరం కావచ్చు. మొదటిసారికే మూడేళ్ల వరకు శిక్ష ఉంది. ఎదుటివారు ‘నువ్వు లేకపోతే చచ్చిపోతాను’ అంటే ఆ భయంతో బంధంలో కొనసాగకండి, ఆ మాటను తేలికగానూ తీసుకోకండి. వెంటనే వారి ఇంట్లోవారికి గాని దగ్గరి స్నేహితులకు గాని చెప్పి, మానసిక సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయించండి.

ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోవలసి వస్తే ఎదురుగా కూర్చుని, అసలు కారణం చెప్పండి. మనసు మారిందన్న నిజాన్ని దాచి ‘మా ఇంట్లో ఒప్పుకోలేదు’ అని తల్లిదండ్రుల మీద నెట్టడం నేను ఎక్కువగా చూసిన పిరికితనం. దానివల్ల రెండోవారు ఇంకా ఆశతో ఏళ్లు పోగొట్టుకుంటారు. ఫొటోలు వారి ముందే తీసివేయండి, తీసుకున్న డబ్బు ఉంటే ఇచ్చేయండి. అయితే కొట్టేవారికి, బెదిరించేవారికి ఈ సంజాయిషీ ఏదీ ఇవ్వనక్కరలేదు. సురక్షితమైన చోటికి చేరుకున్నాకే మిగతా విషయాలు ఆలోచించండి; మహిళలకు 181 సహాయ నంబరు ఉంది.

నా పాత విద్యార్థి ఒకడు, ప్రేమించిన అమ్మాయికి తన మేనరికం సంగతి చెప్పిన వారానికే బస్సెక్కి తాడిపత్రి దగ్గరున్న మేనత్త ఊరికి వెళ్లి, ఆ ఇంటి అమ్మాయితో స్వయంగా ‘నీకు ముందే చెప్పకపోవడం నా తప్పు’ అని చెప్పి వచ్చాడు. మేనత్త ఆరు నెలలు అతని ముఖం చూడలేదట. ఆ అమ్మాయి మాత్రం అతన్ని బస్టాండు దాకా సాగనంపి, మరుసటి నెలలోనే బి.ఇడి.కి దరఖాస్తు పెట్టుకుంది.